జానెడు జాగాలో కరాటే

మా చెల్లెలి కూతురు మార్కాపురంలో ఇంటర్ చదువుకుంటూ సాయంత్రాలు కరాటే నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చి, తన తెల్ల డ్రెస్సు ఉతికి దండెం మీద ఆరేసి, ఫోను పట్టుకొని వరండాలో కూర్చుంది. అందులో ఎవరో ఇద్దరు తెగ వాదించుకుంటున్నారు. కరాటే పోటీలకూ పతకాలకూ తప్ప నిజమైన కొట్లాటలో ఎందుకూ పనికిరాదని ఒకాయన, నేర్పేవాణ్ణి బట్టి ఉంటుందని ఇంకొకాయన. వినేకొద్దీ పిల్ల ముఖం చిన్నబోయింది. చిన్నప్పటి నుంచి పడిన కష్టమంతా గాలికి పోయినట్టు అనిపించిందేమో, చివరికి ఫోను బోర్లా పెట్టి నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నువ్వు గూడ నేర్చుకున్నావంట గదా. నిజంగా కొట్లాట వస్తే పనికొస్తాదా?"

నేను అప్పుడు కందిపప్పులో రాళ్లు ఏరుతున్నాను. తల ఎత్తకుండానే, "ఎంత దూరంలో?" అని అడిగాను.

దానికి అర్థం కాలేదు. కొలత తెలియకుండా లెక్క చెప్పడం నాకు మొదటి నుంచీ అలవాటు లేదు. ఈ ప్రశ్నకు కావలసిన కొలత మాత్రం ఏ మాస్టరూ చెప్పలేదు, గిద్దలూరు బస్సులో తెలిసింది. ఆ సంగతి దానికి చెప్పినంత సేపూ నాకు మన కాలమే కళ్ల ముందు తిరిగింది. అందుకే మీకూ చెప్పాలనిపించింది.

మన వయసు వాళ్లకు పలక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఉమ్మితో తుడిచినందుకు పంతులు చేతిలో దెబ్బలు తిన్నవాళ్లమే అందరమూ. ఆ పలకలు మా మార్కాపురం రాయి నుంచి వచ్చేవి. గనిలో తీసిన నల్లరాతిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చుట్టూ చెక్క బిగించి పంపేవాళ్లు. పదో తరగతి తర్వాత నేను అలాంటి ఒక పలకల ఫ్యాక్టరీలో పనికి కుదిరాను. నాకు చదువు అంతగా అబ్బలేదు కానీ కొలతలంటే ఎందుకో ప్రాణం. ఏ వస్తువు చూసినా దాని పొడవూ వెడల్పూ మనసులో అనుకోకుండా ఉండలేను. ఇప్పటికీ పెళ్లికి పోతే భోజనాల షెడ్డు చూసి ఎంతమంది పడతారో లెక్కేస్తుంటాను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. ఫ్యాక్టరీలో మాత్రం ఈ జబ్బే నాకు పని ఇప్పించింది. వచ్చిన రాతిలో ఎన్ని పలకలు దిగుతాయో, ఎంత వృథా పోతుందో అంచనా వేయడం నా పని.

మాది బేస్తవారిపేట. వానమీద ఆధారపడిన సేద్యం, రెండు బర్రెలు. ఆ రోజుల్లో వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేయడం వల్లే మా నాయన నన్ను బస్సెక్కి పనికి పోనిచ్చాడు, లేకపోతే ఆ ఊసే ఉండేది కాదు. పోనిచ్చేటప్పుడు పెద్దగా ఏమీ చెప్పలేదు, ఒక్క మాట మాత్రం అన్నాడు.

"పోతే పో పాపా. కానీ బస్సులో నీ మాట ఎవరి నోట్లోనన్నా పడిందా, ఆ రోజుతో సరి."

ఆ మాట ఎంత బరువో మనకు తెలుసు. ఆడపిల్ల తప్పు చేయాల్సిన పని లేదు, ఆమె పేరు నలుగురు అనుకుంటే చాలు. మా ఇంట్లోనే ఉండే మేనత్తకైతే నేను పనికి పోవడం మొదటి నుంచీ ఇష్టం లేదు. నా పేరు ఎవరి నోట్లో పడుతుందా అని ఆమె చెవులు రిక్కించుకొని కూర్చునేది. నాకేమో ఆ పని పోతే బతుకే లేదనిపించేది. జీతం కోసమే కాదు. రాయిని చూసి నేను చెప్పిన అంచనా సాయంత్రానికి సరిపోయినప్పుడు కలిగే ఆ తృప్తి ఇంట్లో ఇంకెక్కడా దొరికేది కాదు.

కరాటే సంగతి ఇలా మొదలైంది. మా ఫ్యాక్టరీ వెనక వీధిలో ఒక సాయిబు టైలరింగ్ దుకాణం నడిపేవాడు. పగలు బట్టలు కుట్టేవాడు, తెల్లారుజామున కుర్రాళ్లకు కరాటే నేర్పేవాడు. ఊళ్లో ఏ ఉత్సవం జరిగినా ఆయన ప్రదర్శన ఉండేది. మిగతా ఊళ్లలో కరాటే వాళ్లు పెంకులూ ఇటుకలూ పగలగొడతారు, మార్కాపురంలో మాత్రం పలకరాళ్లే. అంచు విరిగి పనికిరాకుండా పోయిన రాళ్లు మా ఫ్యాక్టరీ వెనక గుట్టలుగా పడి ఉండేవి. వాటిని అడగడానికి ఆయన వస్తే, ఓనరు గారి భార్య ఒక బేరం పెట్టింది. రాళ్లు ఎన్నైనా తీసుకుపో, బదులుగా మా ఆడపిల్లలకు నాలుగు దెబ్బలు నేర్పు అంది. పలకలు రుద్దే పిల్లలు, చెక్క బిగించే పిల్లలు చాలామంది నాలాగే పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. వాళ్లు రోజూ ఏదో ఒకటి చెప్పుకొని ఏడవడం ఆమె చెవిన పడుతూనే ఉండేది.

అలా మధ్యాహ్నం అన్నాలైనాక, రాతి పొడి పరుచుకున్న ఆ పెరట్లో మా చదువు సాగింది. మొదటి రోజు మాస్టరు మమ్మల్ని వరసలో నిలబెట్టి, కాలు ఎత్తమని చెప్పి, మా పరికిణీలు చూసి తల గీరుకున్నాడు. మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి ఒక పిల్ల పరికిణీ వెడల్పు కొలిచి, అందులో కాలు మోకాలి కంటే పైకి లేవదని తేల్చి, తన్నులు మానేసి చేతులతోనే నేర్పుతానని చెప్పాడు. దర్జీ కాబట్టి ఆ సంగతి అంత తొందరగా తెలిసింది, వేరే మాస్టరైతే మమ్మల్నే తప్పుపట్టేవాడు.

ఆయన అన్నింటికంటే గట్టిగా పట్టించింది మాత్రం దెబ్బ కాదు, నమస్కారం. కరాటేలో ఎదుటివాళ్లకు తల వంచి మొదలుపెట్టడం పద్ధతి. చేతులు పక్కకు పెట్టి వంగడం మాకు వింతగా ఉందని, ఆయనే మీరు మీ పద్ధతిలో దండం పెట్టండి బేటీ, నేను సలాం చేస్తా అని సర్దుబాటు చేశాడు. ప్రతి పట్టుకు ముందు దండం, విడిపించుకున్నాక దండం. మరిచిపోయిన పిల్ల ఆ రోజు పెరడంతా ఊడ్వాలి. రాతి పొడి ఊడవడం అంటే ఏమిటో ఊడ్చినవాళ్లకే తెలుసు, రెండు రోజులు తుమ్ములు ఆగవు. ఆ భయంతో నడుం వంగడం మా ఒంట్లోకి ఇంకిపోయింది.

"దండం లేకుండా చెయ్యి లేపితే అది కొట్లాట. దండం పెట్టి లేపితేనే కరాటే" అనేవాడు.

నాకు మాత్రం మొదటి వారం నుంచే ఒక అనుమానం పీకుతుండేది. మేము సాధన చేసేటప్పుడు ఇద్దరి మధ్య రెండు మూరల జాగా ఉండేది. చెయ్యి చాపడానికి, అడ్డుకోవడానికి, దండానికి కూడా ఆ జాగా చాలు. బస్సులో అంత జాగా ఎక్కడిది? గిద్దలూరు నుంచి మార్కాపురం పోయే బస్సులో మనిషికీ మనిషికీ మధ్య జానెడు మిగిలితే అదృష్టం. ఒకరోజు ఈ లెక్కంతా మాస్టరు ముందు పెట్టాను.

"దగ్గరికి రానియ్యొద్దు బేటీ."

"బస్సులో ఎట్ల రానియ్యకుండా ఉంటాం మాస్టర్?"

"బస్సులోనా? బస్సులో అయితే ముందే ఎక్కి సీటు పట్టుకో."

ఆయన నిజాయితీ అలాంటిది. ఒకసారి సినిమా హాలు దగ్గర టికెట్ల వరసలో గొడవై, నలుగురు కలిసి ఆయన్నే కొట్టారు. మర్నాడు బుగ్గ వాచి, ఒక కన్ను సగం మూసుకుపోయి వచ్చాడు. మేమంతా బిక్కచచ్చి చూస్తుంటే, వాచిన మూతితోనే, "ఏం చేయను బేటీ, వాళ్లు దండం పెట్టకుండానే మొదలుపెట్టేసినారు" అన్నాడు. అందరం నవ్వాము కానీ నా అనుమానం ఇంకా పెరిగింది. పలకరాయి ఎన్ని రోజులైనా కదలకుండా కూర్చుంటుంది, రెండు చివర్లా ఆనించి మధ్యలో కొడితే విరుగుతుంది. మనిషి అలా కూర్చోడు కదా.

ఆ రోజుల్లో బస్సులో మన ఆయుధం పిన్నీసు. ఓణీకి పెట్టుకున్నదే అవసరానికి తీసేవాళ్లం. దాంట్లో చిక్కేమిటంటే, ఆ తోపులాటలో అది ఎవరికి దిగుతుందో తెలియదు. ఒకసారి నేను పొడిచింది కొమరోలు సంతకు పోయివస్తున్న ఒక ముసలాయనకు. పాపం ఆయన నన్ను అనుమానించలేదు, తన సంచిలో చీమలు చేరాయనుకొని అంత జనంలో సంచి విప్పి దులుపుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ పిన్నీసు తీయలేదు.

మా బస్సులో ఒకడుండేవాడు. నడివయసు మనిషి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, తలకు వాసన నూనె. ఆ వాసన వస్తే మేము ముందుకో వెనక్కో జరిగేవాళ్లం. నేను పనికి చేరిన కొన్నాళ్లకే వాడి కన్ను నా మీద పడింది. ఎక్కడ నిలబడితే అక్కడికి వచ్చేవాడు. ఇంట్లో చెబితే పని మాన్పిస్తారు, బస్సులో అరిస్తే నలుగురి నోట్లో పడతాను. ఏ దారిలో పోయినా చివరికి పని పోయేదే. అందుకే పళ్లబిగువున కొన్ని వారాలు గడిపాను.

ఒక సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. తిరుగు ప్రయాణం, కంభం ఇంకా రాలేదు. భుజానికి సంచి తగిలించుకొని, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని నిలబడ్డాను. వాసన నూనె దగ్గరికి వచ్చింది. ఈసారి జరగడానికి చోటు లేదు. ఎటూ జరగలేక, వాడి వైపే తిరిగాను. మన వైపు ఎవరినైనా వరస పెట్టే కదా పిలుస్తాం, అలాగే పిలిచాను.

"అన్నా, కొంచెం జరుగు."

"నేను నీకు అన్నను ఎట్లయితా?" అని నవ్వి, కమ్మీ మీదున్న నా చేతి మీద తన చెయ్యి వేసి నొక్కాడు.

తర్వాత జరిగింది నేను చేశానని చెప్పలేను, నా ఒళ్లు చేసింది. పట్టుకున్న చేతిని అవతలివాడి బొటనవేలి వైపుకు తిప్పి లాగితే పట్టు వదులుతుందని మాస్టరు ఎన్నిసార్లు చేయించాడో. చెయ్యి దానంతటదే తిరిగి వచ్చేసింది. కాళ్లు ఎడంగా పడి, కమ్మీ వదిలినా బస్సు కుదుపుకు తూలకుండా నిలబడ్డాను. పట్టు విడిపించుకున్నాక ఏం చేయాలి? పెరడు ఊడ్వకూడదంటే దండం పెట్టాలి. రెండు చేతులూ గుండె దగ్గర జోడించి, నడుం నుంచి నిండుగా వంగి దండం పెట్టాను.

నా నుదురు వాడి ముక్కుకు తగిలింది. పెరట్లో అయితే గాలికి తప్ప దేనికీ తగలని దండం అది.

వాడు కెవ్వుమన్నాడు. తల ఎత్తేసరికి తెల్లచొక్కా మీద నెత్తురు. బస్సంతా ఇటు తిరిగింది. కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇంక అయిపోయింది, రేపటి నుంచి రాళ్లూ లేవు లెక్కలూ లేవు అనుకున్నాను.

"ఈ పిల్ల నన్ను కొట్టింది" అన్నాడు వాడు, ముక్కు పట్టుకొని.

పక్క సీట్లో ఒళ్లో గంప పెట్టుకొని ఒక అవ్వ కూర్చొని ఉంది. ఆమె ఎవరో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

"కొట్టలేదప్పా. దండం పెట్టింది. నేను చూస్తానే ఉన్నా" అంది.

"దండం పెడితే ముక్కు పగుల్తాదా అవ్వా?" అన్నాడు కండక్టరు.

"మనిషికీ మనిషికీ మధ్య ఉండాల్సిన జాగా ఉంటే పగలదు. ఈయన యాడ నిలబడుకోనుంటే ఆ పిల్ల దండం ఈయన ముక్కుకు తగిలిందో, అది అడుగు ముందు."

బస్సంతా నవ్వు లేచింది. ఆ నవ్వు నా మీద కాదని తెలియడానికి నాకు కొంత సేపు పట్టింది. వెనక నుంచి ఎవరో, "ఈయనకు కూడా ఒక దండం పెట్టి దింపెయ్ కండక్టరన్నా" అన్నారు. కండక్టరు విజిల్ వేశాడు. వాడు నా వైపు చూడకుండా దిగిపోయాడు.

అవ్వ చెప్పిన లెక్క నాకు అంతకుముందు తట్టలేదు. అంత దగ్గరగా నిలబడితే తప్ప తగలని దెబ్బ అది. కాబట్టి తగిలిందంటేనే తప్పు ఎవరిదో తేలిపోయింది, వేరే సాక్ష్యం అక్కరలేదు. నేను అరచి ఉంటే నా మాటా వాడి మాటా అని రెండు మాటలయ్యేవి. చెంప మీద కొట్టి ఉంటే, చెంప రెండు మూరల దూరం నుంచైనా అందుతుంది, దాంతో ఏమీ తేలేది కాదు.

అయినా నాకు ధైర్యం రాలేదు. బస్సు దిగి నేను ఇల్లు చేరేలోపే ఆ నవ్వు సైకిలెక్కి మా వీధికి చేరుకుంది. వాకిట్లోకి అడుగు పెట్టేసరికి మేనత్త మొదలుపెట్టేసింది.

"వచ్చింది బంగారు తల్లి. టీ అంగడి కాడ దీని మాటేనంట. ఇంక రేపటి నుంచి బర్రెల కాడ పెట్టమ్మా నీ దండాలు."

నాయన బర్రెను గుంజకు కట్టేస్తున్నాడు. ముడి పూర్తి చేసి, చేతులు దులుపుకొని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏంది జరిగింది?"

"దండం పెట్టినా నాయనా."

"ఎట్ల పెట్టినావో పెట్టు."

ఆయన రెండు మూరల అవతల ఉన్నాడు. నేను చేతులు జోడించి వంగాను. తగలలేదు. నాయన ఏదో తప్పు లెక్క చూసినట్టు కనుబొమలు ముడిచాడు. ఒక అడుగు ముందుకు వేసి మళ్లీ పెట్టమన్నాడు. అప్పుడూ తగలలేదు. ఇంకో సగం అడుగు వేశాడు. ఇప్పుడు మా ఇద్దరి మధ్య జానెడే ఉంది. ఆయన చొక్కాకు అంటిన బర్రెపాల వాసన నాకు తెలుస్తోంది. నేను చేతులు జోడించాను కానీ వంగే అవసరం రాలేదు. నాయన తల దించుకొని ఆ జానెడు జాగా వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఊహ తెలిసినాక మా నాయన నాకు అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. తండ్రే నిలబడనంత దగ్గరగా ఎవడో నిలబడ్డాడని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయన కాళ్లే కొలిచి చెప్పాయి.

నెమ్మదిగా వెనక్కి జరిగాడు. మేనత్త ఇంకా ఏదో అంటోంది.

"ఉండక్కా. నోట్లో పడింది వాని మాట, పాప మాట కాదు" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, బర్రె మెడ నిమురుతూ, "పొద్దున బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు. రోజూ నన్ను ఎక్కించేది ఆయనే, ఎన్నింటికో ఆయనకు తెలుసు.

మర్నాడు మాస్టరుకు చెబితే, మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మిషను ఆపి, గంభీరంగా, దండం పెట్టినాక తల ఎత్తి ఎదుటివాని కళ్లలోకి చూడాలని చెప్పినా గదా, చూసినావా అని అడిగాడు. వాడు కళ్లు మూసుకొని ఉన్నాడని చెప్పాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు ఎంత సేపటికీ ఆగలేదు, సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలిచాడు. పెళ్లయ్యేదాకా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశాను, పెళ్లయినాక కూడా చాలా ఏళ్లు చేశాను.

కథ విని మా పిల్ల, "అయితే పనికొస్తాదా, రాదా?" అని మళ్లీ మొదటికే వచ్చింది. నాకు తెలిసినంత వరకు చెప్పాను. రెండు మూరల్లో నేర్చుకున్నది జానెడులో అలాగే రాదు. నలుగురు మీద పడితే మా మాస్టరుకే రాలేదు. కానీ కాళ్లు తూలకుండా నిలబడటం, పట్టు విడిపించుకోవడం, ఎదుటివాడి వైపు తిరగడానికి భయపడకపోవడం మాత్రం వస్తాయి. మిగిలిన సగం, పక్క సీట్లో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పిల్ల లేచి, ఆరిన డ్రెస్సు తీసి మడత పెట్టుకుంది.

ఇప్పుడు పలకల మీద రాసే పిల్లలు కనబడరు. మాస్టరు దుకాణం ఉన్న చోట సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. ఆడవాళ్లకు టికెట్టు తీసేశాక బస్సులు మళ్లీ అప్పటిలాగే కిక్కిరిసిపోతున్నాయి కానీ నిలబడినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, అది చూస్తే సంతోషంగా ఉంటుంది. ఒక్కటే వెలితి. కూర్చున్నవాళ్లు అందరూ ఫోను వైపు చూస్తుంటారు. "నేను చూస్తానే ఉన్నా" అని చెప్పే అవ్వ ఎక్కడైనా ఉందేమోనని, బస్సెక్కినప్పుడల్లా నా కళ్లు ముందుగా సీట్లనే వెతుకుతాయి. ఆ మధ్య ఒకసారి తట్టింది, ఇప్పుడు ఆ వయసుకు దగ్గర పడుతున్నది నేనే అని. అప్పటి నుంచి ప్రయాణంలో నేను ఫోను బయటికి తీయడం మానేశాను.

మా పుట్టింట్లో ఇప్పుడు చెల్లెలి కుటుంబం ఉంటోంది. వాకిలికి సిమెంటు వేశారు, బర్రెల గుంజలు లేవు, నాయనా లేడు. సెలవు రోజుల్లో పిల్ల అక్కడే తెల్ల డ్రెస్సు వేసుకొని కాళ్లు గాల్లోకి విసురుతూ సాధన చేస్తుంది, మోకాలి కంటే ఎంతో ఎత్తుకు. మొదలుపెట్టే ముందు తల వంచి దండం పెడుతుంది, ఎదురుగా ఎవరూ లేకపోయినా. అది సరిగ్గా నాయన వెనక్కి జరిగిన చోటు. దానికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు కాబట్టి, పక్కనే నిలబడి చూస్తాను.